స్కాన్‌లో సున్నా, రక్తంలో రెండొందలు

గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎంత పేరుకుందో చూపే సీటీ స్కాన్ ఇప్పుడు మన పట్టణాల దాకా వచ్చేసింది. రంగు మందు ఎక్కించే పని లేదు. బల్ల మీద పడుకుని కాసేపు ఊపిరి బిగపడితే అయిపోతుంది. చేతికొచ్చే కాగితం మీద ఒక అంకె ఉంటుంది. అది సున్నా అయితే ఇంటిల్లిపాదీ తేలికపడతారు, నాలుగొందలు దాటితే బెంబేలెత్తిపోతారు. మధ్యవయసు దాటిన మామూలు మనిషి విషయంలో ఈ ధీమాకీ, ఈ భయానికీ గట్టి ఆధారమే ఉంది. కానీ కొన్ని కుటుంబాల్లో కొలెస్ట్రాల్ పుట్టుకతోనే ఎక్కువ. తల్లి నుంచో తండ్రి నుంచో జన్యువులో దిగి వస్తుంది. అలాంటి కుటుంబంలో పాతికేళ్ల కుర్రాడికి చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 220 ఉంది, స్కాన్‌లో సున్నా వచ్చింది, కాబట్టి మందు సంగతి తర్వాత చూద్దాం అనుకుంటే ఆ లెక్క తప్పుతుంది. రక్తనాళంలో కనబడే కాల్షియం జబ్బు చాలా దూరం నడిచాక తేలే గుర్తు. దాని కోసం ఎదురుచూడడమంటే నివారణకి పనికొచ్చే ఏళ్లన్నీ చేజేతులా వదులుకోవడమే. ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్పాల్సి వస్తోందో తెలియాలంటే జబ్బు సంగతి మొదటి నుంచీ చూడాలి.

వైద్యులు దీన్ని ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరోలేమియా అంటారు. నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ 1930ల చివర్లో కొన్ని కుటుంబాలను వరసగా పరీక్షించి, మూడు సంగతులు కలిసి వస్తున్నాయని రాశాడు: రక్తంలో ఎక్కువ కొలెస్ట్రాల్, స్నాయువుల మీదా చర్మం మీదా పసుపు గడ్డలు, చిన్న వయసులో గుండెనొప్పి. ఆ గడ్డలు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. మడమ వెనక పిక్క నుంచి దిగే స్నాయువుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే మామూలు మనిషికి సన్నగా, నున్నగా తగులుతుంది. వీళ్లలో చాలామందికి అది మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పిడికిలి బిగిస్తే వేళ్ల కణుపుల మీద చిన్న ఉబ్బెత్తులు తేలతాయి, వేలు ఆడిస్తే వాటితో పాటే కదులుతాయి. 45 ఏళ్ల లోపే కంటి నల్లగుడ్డు అంచున తెల్లటి వలయం కనబడితే అదీ ఆలోచించాల్సిన గుర్తే. అయితే ఈ గుర్తులేవీ లేనివాళ్లూ చాలామంది ఉంటారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఈ జన్యు లోపం ఉంది. అరుదైన జబ్బు అనడానికి వీల్లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. మందు వాడకపోతే మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 ఏళ్లు వచ్చేసరికి, ఆడవాళ్లలో సుమారు 30 శాతానికి 60 ఏళ్లు వచ్చేసరికి గుండె రక్తనాళాల జబ్బు బయటపడుతుంది.

లోపం ఎక్కడుందో అమెరికాలోని డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970ల మొదట్లో పట్టుకున్నారు. రోగుల చర్మకణాలను గాజు పాత్రల్లో పెంచి చూస్తే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని పట్టుకుని కణం లోపలికి లాక్కునే రిసెప్టర్ వాళ్లలో సరిగా లేదని తేలింది. ఈ పరిశోధనకి 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక జన్యు ప్రతి పాడైతే రిసెప్టర్లు దాదాపు సగానికి పడిపోతాయి, ఎల్‌డీఎల్ 190 నుంచి 400 దాకా ఉంటుంది. రెండు ప్రతులూ పాడైన పిల్లల్లో 500 దాటిపోతుంది. ఈ రిసెప్టర్లలో ఎక్కువ భాగం కాలేయంలోనే ఉంటాయని చెప్పే కఠినమైన సాక్ష్యం 1984లో దొరికింది. పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ బృందం ఆరేళ్ల పాపకి గుండెతో పాటు కాలేయాన్నీ మార్చింది. కొత్త కాలేయం పని మొదలుపెట్టాక, అంతకుముందు వెయ్యి చుట్టూ తిరిగిన కొలెస్ట్రాల్ మూడొందల దరిదాపుల్లోకి దిగివచ్చింది. కాబట్టి రిపోర్టులో 214 అని ముదురు అక్షరాల్లో కనబడగానే ఇంట్లో మటన్ మీదా, నెయ్యి మీదా, వేపుళ్ల మీదా నేరం మోపడం ఈ కుటుంబాల్లో అన్యాయం. తిండి మార్చుకుంటే ఎల్‌డీఎల్ పది, పదిహేను శాతం తగ్గవచ్చు. మార్చుకోవాల్సిందే. కానీ సగం రిసెప్టర్లు లేని లోటుని పథ్యం పూడ్చలేదు.

రక్తంలో తిరిగే ఈ కొవ్వుకీ, నాళంలో పేరుకునే కాల్షియానికీ సంబంధం నాళం గోడలో ఉంది. ఎల్‌డీఎల్ కణాలు గోడ లోపలి పొరలోకి దూరి చిక్కుకుపోతాయి, అక్కడ చెడిపోతాయి. వాటిని ఏరివేయడానికి వచ్చిన తెల్లకణాలు మింగగలిగినంత మింగి, కొవ్వుతో ఉబ్బి, అక్కడే చనిపోతాయి. చచ్చిన కణాల శిథిలాల్లో కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి కంటికి ఆనని స్ఫటికాలు కడతాయి. ఎముకల్లో ఉండే ఖనిజమూ ఇదే. 19వ శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో దీన్ని మైక్రోస్కోపులో చూసి, ఇది ఎముక ఏర్పడుతున్న తీరులా ఉందని గమనించాడు. ఆ మాట చాలాకాలం మరుగున పడింది. ముసలితనంలో నాళాలకు ఊరికే పట్టే సున్నంలా లెక్కగట్టారు. 1993లో లాస్ ఏంజెలెస్‌లో లిండా డెమర్ బృందం, ఎముక పెరగమని ఆజ్ఞ ఇచ్చే ప్రోటీన్‌ని మనుషుల ధమనుల పూడికల్లోనే చూపించింది. గోడలోని కండర కణాలు తమ పని మానేసి ఎముక కణాల పోకడ పడతాయని ఆ తర్వాత తెలిసింది. ఇదంతా ఏళ్ల తరబడి సాగుతుంది. మొదట్లో కట్టే స్ఫటికాలు మామూలు సీటీకి అందనంత చిన్నవి. అవి కలిసి, గట్టిపడి, పలకలుగా మారాకే స్కాన్‌లో తెల్లగా మెరుస్తాయి. పొయ్యిలో బూడిద చూసి ఎన్నాళ్లుగా వంట సాగిందో చెప్పొచ్చు. ఇప్పుడే రాజేసిన పొయ్యిలో బూడిద ఉండదు, మంట మాత్రం ఉంటుంది.

పైగా ప్రాణం మీదికి తెచ్చే పూడిక, స్కాన్‌లో బాగా మెరిసే పూడిక ఒకటే కావాలని లేదు. ఎడిన్‌బరో పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పుడే గుండెపోటు వచ్చిన 40 మందికి సోడియం ఫ్లోరైడ్ ఎక్కించి ప్రత్యేకమైన స్కాన్ తీశారు. ఫ్లోరైడ్ కొత్తగా కడుతున్న సూక్ష్మ స్ఫటికాలకు అంటుకుని మెరుస్తుంది. 40 మందిలో 37 మందికి, గుండెపోటు తెచ్చిన పూడిక దగ్గరే ఆ మెరుపు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. పాతబడి రాయిలా గట్టిపడిన చోటు కన్నా, కాల్షియం ఇంకా రవ్వలుగా ఉన్న చోటే పగిలే ప్రమాదం ఎక్కువన్నమాట.

మన చేతికొచ్చే స్కోరు ఎలా తయారవుతుందో కూడా కొంచెం దగ్గరగా చూడాలి. 1990లో అమెరికా వైద్యుడు ఆర్థర్ అగట్‌స్టన్ సహచరులతో కలిసి దీన్ని రూపొందించాడు. సీటీ చిత్రంలో సాంద్రత 130 యూనిట్లు దాటిన చుక్కని కాల్షియంగా లెక్కిస్తారు. ఆ చుక్క వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో కొలిచి, అందులో అత్యధిక సాంద్రతను బట్టి 1 నుంచి 4 దాకా ఒక అంకెతో గుణిస్తారు. 5 చదరపు మిల్లీమీటర్ల చుక్క సాంద్రత 250 అయితే స్కోరు 10. అదే చుక్క అదే సైజులో ఉండి సాంద్రత 400 దాటితే స్కోరు 20. అంటే పూడిక గట్టిపడిన కొద్దీ మార్కులు పెరుగుతాయి. కానీ అమెరికాలో ఆరువేల ఎనిమిదొందల మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనిస్తున్న మీసా అధ్యయనం 2014లో దీనికి ఎదురు తిరిగే సంగతి బయటపెట్టింది. కాల్షియం పరిమాణం సమానంగా ఉన్నవాళ్లలో, సాంద్రత ఎక్కువున్నవాళ్లకే గుండె జబ్బులు తక్కువ వచ్చాయి. గట్టి పూడిక కుదురుకున్న పూడిక. స్కోరు సూత్రం మాత్రం దాన్ని మరింత ప్రమాదంగా లెక్కగడుతుంది.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల మీద వినిపించే పెద్ద అనుమానానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. మూడేళ్లు మాత్ర మింగాను, కాల్షియం స్కోరు తగ్గకపోగా పెరిగింది, కాబట్టి మాత్రే నాళాల్లో సున్నం పోస్తోంది అని కొందరు మందు ఆపేస్తారు. పెరగడం నిజమే. నాళం లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌తో పూడికలను కొలిచిన ఎనిమిది ప్రయోగాల వివరాలు కలిపి 2015లో ప్రచురించినప్పుడు, ఎక్కువ మోతాదు స్టాటిన్ వాడినవాళ్లలో పూడిక పరిమాణం తగ్గింది, అందులో కాల్షియం వాటా పెరిగింది. మెత్తటి కొవ్వు హరించుకుపోయి, మిగిలింది గట్టిపడింది. మరోవైపు గుండెపోట్లనూ మరణాలనూ స్టాటిన్లు తగ్గిస్తాయని పెద్ద పెద్ద ప్రయోగాల్లో పదేపదే రుజువైంది. మనకి కావలసింది గుండెపోటు రాకుండా ఉండడం, స్కోరు తగ్గడం కాదు. ఈ కారణం చేతే, మందు వాడుతున్న మనిషికి మందు పనిచేస్తోందో లేదో చూడడానికని ఏటేటా కాల్షియం స్కాన్ తీయించడం దండగ. పనిచేస్తోందో లేదో ఎల్‌డీఎల్ పరీక్ష చెబుతుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఈ వారసత్వపు జబ్బు ఉన్నవాళ్లలో కూడా సున్నా స్కోరు మంచి శకునమేనని పరిశోధనలు చెబుతున్నాయి కదా? చెబుతున్నాయి. బ్రెజిల్‌లో ఇలాంటి 206 మందిని సగటున మూడున్నరేళ్లకు పైగా గమనిస్తే, సుమారు సగం మందికి స్కోరు సున్నా ఉంది, వాళ్లలో ఒక్కరికీ గుండెపోటు లాంటిదేమీ రాలేదు. వచ్చిన 15 మందికీ స్కాన్‌లో కాల్షియం ఉంది. 2019లో వచ్చిన ఈ ఫలితం విలువైనదే. కానీ ఆ 206 మందీ అప్పటికే కొలెస్ట్రాల్ మందులు వాడుతున్నవాళ్లు, వాళ్ల సగటు వయసు 45 దగ్గర. నలభై అయిదేళ్ల దాకా నాళాలను నిలబెట్టుకున్నవాళ్లకి వచ్చిన సున్నా వేరు, పాతికేళ్లకి సహజంగా వచ్చే సున్నా వేరు. మొదటిది మందు వాడుతూ సాధించిన ఫలితం. దాన్ని చూపించి మందే అక్కర్లేదనడం తలకిందుల వాదన. మూడున్నరేళ్లు ఏమీ కాలేదన్న మాట, ఇంకా నలభై యాభై ఏళ్లు బతకాల్సిన మనిషికి ఏ మూలకి సరిపోతుంది?

ఈ జబ్బులో అసలు లెక్క ఎల్‌డీఎల్‌ని ఏళ్లతో గుణించే లెక్క. యూరప్ అథెరోస్క్లెరోసిస్ సొసైటీ నిపుణులు 2013లో ఒక అంచనా వేశారు. మామూలు మనిషి నాళాలు 55 ఏళ్లలో చూసేంత ఎల్‌డీఎల్ మొత్తాన్ని, మందు వాడని వారసత్వ రోగి నాళాలు 35 ఏళ్లకే చూసేస్తాయి. రెండు ప్రతులూ పాడైన బిడ్డకి అది పన్నెండున్నరేళ్లకే. 18 ఏళ్లకు మందు మొదలుపెడితే ఆ గీత 48కి జరుగుతుంది, పదేళ్ల వయసులో మొదలుపెడితే 53కి. వయసొచ్చాక కొలెస్ట్రాల్ పెరిగిన మనిషికీ, పుట్టుకతో ఉన్న మనిషికీ తేడా 2016లో అచ్చయిన ఒక పెద్ద జన్యు అధ్యయనంలో కొట్టొచ్చినట్టు కనబడింది. ఎల్‌డీఎల్ 130 లోపు ఉండి జన్యు లోపం లేనివాళ్లతో పోలిస్తే, లోపం లేకపోయినా 190 దాటినవాళ్లకి గుండె జబ్బు ముప్పు ఆరు రెట్లు. అదే 190 దాటి, జన్యు లోపం కూడా ఉంటే 22 రెట్లు. ఆ పూట రిపోర్టులో అంకె ఒకేలా ఉండొచ్చు, వెనకున్న ఏళ్లు వేరు.

ముందుగా మొదలుపెడితే ఏమవుతుందో చూపిన సాక్ష్యం నెదర్లాండ్స్‌లో ఉంది. 8 నుంచి 18 ఏళ్ల వయసున్న 214 మంది పిల్లలకి స్టాటిన్ ఇచ్చి, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూశారు. 39 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో గుండె జబ్బు తెలిసినవాళ్లు ఒక శాతం. అదే లోపం ఉన్న వాళ్ల తల్లిదండ్రుల్లో, అదే వయసుకి, 26 శాతం. తల్లిదండ్రుల్లో 7 శాతం ఆ వయసులోపే గుండె జబ్బుతో చనిపోయారు, పిల్లల్లో ఒక్కరూ లేరు. 2019లో వచ్చిన ఈ ఫలితాలు చూసి, తరాలు మారాయి, అలవాట్లు మారాయి, పోలిక ఎలా కుదురుతుంది అని అడగడానికి చోటుంది. కానీ అదే తరంలోని, అదే ఇంట్లో పెరిగిన, లోపం లేని 95 మంది తోబుట్టువులతో కూడా పోల్చారు. మెడ ధమని గోడ మందం ఏటా పెరిగే వేగం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న వివరం వేరే ఉంది. ఆ పిల్లల ఎల్‌డీఎల్ గొప్పగా ఏమీ తగ్గలేదు. 237 నుంచి 161కి, అంటే మూడో వంతు మాత్రమే. కొంచెం తగ్గించినా, తొందరగా తగ్గించినందుకే అంత ఫలితం దక్కింది. ఇప్పుడు ఎల్‌డీఎల్‌ని ఇంకా దించడానికి ఎజెటిమైబ్ మాత్ర ఉంది, పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు ఉన్నాయి, ఏడాదికి రెండుసార్లు వేసుకునే ఇన్‌క్లిసిరాన్ ఉంది. అయినా నలభైల్లో మొదలుపెట్టిన ఖరీదైన ఇంజెక్షన్, పదేళ్ల వయసులో మొదలుపెట్టిన చవక మాత్ర మిగిల్చిన ఏళ్లని తిరిగి తేలేదు.

అయితే రక్తపరీక్షలన్నీ ఒక్కలాంటివి కావు. నాళాల్లో కాల్షియం కట్టడంతో ముడిపడిన ప్రోటీన్లు రక్తంలో చాలా ఉన్నాయి, ల్యాబులు వాటిని కొలవగలవు కూడా. వాటిలో ఆస్టియోప్రొటెజరిన్ కథ చూస్తే జబ్బుకి గుర్తులుగా వాడే ఇలాంటి మార్కర్ల సంగతి అర్థమవుతుంది. 1998లో ఈ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఒకవైపు ఎముకలు గుల్లబారాయి, మరోవైపు ధమనుల్లో కాల్షియం కట్టింది. అంటే ఇది నాళాలను కాపాడే ప్రోటీన్ అయి ఉండాలి. కానీ మనుషుల్లో చూస్తే, గుండె జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో అది ఎక్కువగా ఉంది. జబ్బుని ఎదుర్కోవడానికి శరీరం దాన్ని ఎక్కువ తయారుచేస్తోందనుకుంటే రెండూ పొసగుతాయి. అప్పుడు ఎక్కువ ఉండడం చెడ్డదా మంచిదా అని ఒక్క రిపోర్టు చూసి ఎవరు చెప్పగలరు? ఈ ప్రోటీన్ చేసే పనినే అనుకరించే డెనోసుమాబ్ అనే ఎముకల ఇంజెక్షన్‌ని గుండె కవాటంలో కాల్షియం కడుతున్న రోగులకి ఇచ్చి చూశారు. 2021లో ఫలితాలొచ్చాయి, కాల్షియం కట్టే వేగం తగ్గలేదు. విటమిన్ కె మీద ఆధారపడి పనిచేసే మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్ లేని ఎలుకలు 1997 ప్రయోగంలో ధమనులు గట్టిపడి, పగిలి, రెండు నెలల్లో చనిపోయాయి. అంత బలమైన ఆధారం చూసి విటమిన్ కె2 బిళ్లలు నాళాల్లో సున్నాన్ని కరిగిస్తాయని జోరుగా అమ్ముతున్నారు. డెన్మార్క్‌లో 365 మంది పెద్దవయసు మగవాళ్లకి విటమిన్ డితో కలిపి రెండేళ్లు ఇస్తే, కవాటంలో కాల్షియం పెరగడం ఆగలేదని 2022లో తేలింది. సీఆర్‌పీ అనే ప్రోటీన్ సంగతీ ఇంతే. వాపు ఉందని చెబుతుంది, ముప్పు అంచనాకి పనికొస్తుంది. కానీ పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువుండే జన్యువులు ఉన్నవాళ్లకి గుండె జబ్బులేమీ ఎక్కువ రాలేదు. ఎల్‌డీఎల్ మాత్రం ఇలాంటి ప్రతి పరీక్షలోనూ నిలబడింది. జన్యువుల వల్ల పెరిగితే జబ్బు పెరిగింది, జన్యువుల వల్ల తగ్గితే జబ్బు తగ్గింది, మందుతో తగ్గించినా తగ్గింది. కారణానికీ గుర్తుకీ ఉన్న ఈ తేడా పట్టించుకోకుండా పెద్ద పెద్ద పరీక్షల ప్యాకేజీలు కొనడం వల్ల కంగారు మిగులుతుంది.

ఎల్‌డీఎల్ తర్వాత తప్పకుండా చూసుకోవలసిన రక్తపరీక్ష ఇంకొక్కటి ఉంది, దాని పేరు లైపోప్రోటీన్-ఎ. నార్వే శాస్త్రవేత్త కారె బెర్గ్ 1963లో దీన్ని గుర్తించాడు. ఎల్‌డీఎల్ లాంటి కణానికే ఇంకో ప్రోటీన్ తగిలించి ఉంటుంది, చెడిపోయిన కొవ్వులను మోస్తూ తిరుగుతుంది. దీని స్థాయి దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి కాబట్టి జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. ప్రపంచంలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. యూరప్ వాళ్లకన్నా మన దక్షిణాసియా వాళ్లలో సగటు ఎక్కువ. బృహద్ధమని కవాటంలో కాల్షియం కట్టడానికి ఈ కణం కారణాల్లో ఒకటని 2013లో జన్యు అధ్యయనం చూపించింది. స్టాటిన్ దీన్ని తగ్గించదు. తగ్గించే మందుల మీద ప్రయోగాలు సాగుతున్నాయి. మరి ఇప్పుడు తెలిసి ఏం లాభం అంటే, వారసత్వపు కొలెస్ట్రాల్‌తో పాటు ఇదీ ఎక్కువుందని తెలిసినప్పుడు ఎల్‌డీఎల్‌ని ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా దించాలి, బీపీ, పొగ లాంటి మిగతా ముప్పుల్లో ఏ ఒక్కదాన్నీ ఉపేక్షించకూడదు.

కాల్షియం విషయంలో నా వాదనకి అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న రెండు ప్రతులూ పాడైన రోగుల నుంచి వస్తుంది. వీళ్లలో బృహద్ధమని మొదలు దగ్గర, కవాటం పైన, చిన్న వయసులోనే కాల్షియం గట్టి పెంకులా కడుతుంది. ఆపరేషన్ చేద్దామంటే ధమనిని పట్టకారుతో బిగించడానికి మెత్తటి చోటు దొరకదు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వైద్యులు ఇలాంటివాళ్లను పరీక్షించినప్పుడు, కాల్షియం వయసుతో పాటు పెరుగుతూ పోయింది, కొలెస్ట్రాల్ అంకెతో సరిపోలలేదు. ఎల్‌డీఎల్ రిసెప్టర్ లేకపోవడమే, ఎముక కట్టే సంకేతాలను అదుపు తప్పిస్తోందేమో అని వాళ్లు అనుమానించారు. అదే నిజమైతే ఎల్‌డీఎల్ తగ్గించి ఏం లాభం? లాభం ఉందని దక్షిణాఫ్రికా లెక్కలు చెబుతున్నాయి. అక్కడ ఇలాంటి 149 మంది రోగుల వివరాలు చూస్తే, మందులతో ఎల్‌డీఎల్ తగ్గింది సుమారు 26 శాతమే అయినా, మరణాల ముప్పు మూడో వంతుకి పడిపోయింది. కాల్షియం దాని దారిన అది పెరుగుతున్నా ప్రాణాలు నిలిచాయి. కవాటంలో కాల్షియం కట్టడం మొదలయ్యాక స్టాటిన్ దాన్ని ఆపలేదని కూడా 2005 నుంచి 2010 మధ్య వచ్చిన మూడు ప్రయోగాలు చూపించాయి. కట్టిన సున్నం తిరిగి కరగదు, కాబట్టి కట్టకముందే మేల్కోవాలి.

ఇంకో అభ్యంతరం: ఈ లోపం ఉండి కూడా ఎనభై ఏళ్లు బతికినవాళ్లు లేరా? ఉన్నారు. నెదర్లాండ్స్‌లో ఒకే వంశవృక్షాన్ని రెండు శతాబ్దాల పాటు వెనక్కి తవ్వి 2001లో ప్రచురించారు. 19వ శతాబ్దంలో ఈ లోపం ఉన్నవాళ్లు మిగతా జనం కన్నా ముందుగా ఏమీ చనిపోలేదు. 1915 తర్వాత మరణాలు పెరిగాయి, 1960ల దాకా పెరుగుతూనే ఉన్నాయి. తిండి, పొగ, కదలిక లేని బతుకు కలిసినప్పుడు జన్యువు కోరలు చాచిందన్నమాట. అయితే మనం బతుకుతున్నది ఏ శతాబ్దంలో? ఒకే లోపం ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి నలభైకి గుండెపోటు, ఇంకొకరికి డెబ్భైకీ ఏమీ లేకపోవడం ఈ జబ్బులో మామూలే. కాల్షియం స్కాన్‌కి సరైన స్థానం ఇక్కడే అని నా ఉద్దేశం. నలభై దాటి, మాత్ర వాడుతున్నా ఎల్‌డీఎల్ ఇంకా ఎక్కువే ఉన్న మనిషికి ఇంజెక్షన్ దాకా వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ అంకె బాగా సాయపడుతుంది. పిల్లలకీ, పాతికేళ్ల వాళ్లకీ దానితో పని లేదు. ఇక పాలు, పెరుగు మానేస్తే నాళాల్లో కాల్షియం తగ్గుతుందా అని అడిగేవాళ్లకి: వీళ్ల రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది, తేడా అంతా నాళం గోడలో ఉంది. పాలు మానితే ఎముకలకే నష్టం.

మన తెలుగు ఇళ్లలో ఈ జన్యు లెక్కకి మేనరికం అనే కొస ఉంది. ఈ లోపం ఉన్న మనిషి బయటి సంబంధం చేసుకుంటే అవతలివాళ్లకీ అదే లోపం ఉండే అవకాశం సుమారు 250లో ఒకటి. మేనత్త బిడ్డనో మేనమామ బిడ్డనో చేసుకుంటే ఎనిమిదిలో ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే నాలుగులో ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం, రెండు ప్రతులూ పాడైన బిడ్డ పుట్టడానికి. అలాంటి బిడ్డకి నడక వచ్చిన కొన్నేళ్లకే మోకాళ్ల మీద, మోచేతుల మీద, పిరుదుల మీద, వేళ్ల సందుల్లో పసుపు రంగు గడ్డలు లేస్తాయి. మొదట చర్మ వైద్యుడి దగ్గరికే తీసుకెళతారు. ఆ గడ్డల్ని కోసేయించే ముందు ఒక్క లిపిడ్ పరీక్ష చేయిస్తే గుండె సంగతి బయటపడుతుంది. రిసెప్టర్ అసలే లేని పిల్లలకి స్టాటిన్ పెద్దగా పనిచేయదు, అది పనిచేసేదే రిసెప్టర్లను పెంచడం ద్వారా కాబట్టి. వాళ్లకి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని యంత్రంతో వడకట్టే అఫెరెసిస్, రిసెప్టర్‌తో నిమిత్తం లేకుండా ఎల్‌డీఎల్‌ని దాదాపు సగానికి దించే ఎవినకుమాబ్ లాంటి మందులు, తప్పనిసరైతే కాలేయ మార్పిడి ఉన్నాయి. ఇవేవీ తేలిగ్గా అందేవి కావు. సంబంధం కలుపుకునే ముందు చేయించే లిపిడ్ ప్రొఫైల్ అందరికీ అందుతుంది.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా స్పష్టంగానే ఉంది. 55 ఏళ్ల లోపు మగమనిషికో, 60 ఏళ్ల లోపు ఆడమనిషికో గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే లోపు వాళ్ల మొదటి రిపోర్టులోని ఎల్‌డీఎల్ అంకె రాసిపెట్టుకోవాలి. స్టాటిన్ మొదలయ్యాక ఆ అంకె పడిపోతుంది, అసలు స్థాయి ఎవరికీ గుర్తుండదు. అది 190 దాటి ఉంటే ముందు థైరాయిడ్, కిడ్నీ జబ్బులు లేవని చూసుకుని, తర్వాత అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ, కొడుకులకీ కూతుళ్లకీ పరీక్ష చేయించాలి. ఎవరిలో కనబడితే అక్కడి నుంచి వాళ్ల పిల్లలకి. పిల్లల్లో 160 దాటి ఉండి, ఇంట్లో చిన్న వయసు గుండె జబ్బు ఉంటే పిల్లల వైద్యుడితో మాట్లాడాలి. ఎనిమిది, పదేళ్ల మధ్య మాత్ర మొదలుపెట్టడం ఇప్పుడు అంగీకరించిన పద్ధతే, డచ్ పిల్లల్లో ఇరవై ఏళ్ల వాడకం దాన్ని నిలబెట్టింది. ఆడపిల్లలకి పెళ్లయ్యాక, బిడ్డ కోసం అనుకున్నప్పుడు స్టాటిన్ ఆపడం గురించి వైద్యుడితో ముందే మాట్లాడుకోవాలని చెప్పి ఉంచాలి. స్లొవేనియాలో 1995 నుంచి అయిదేళ్ల పిల్లలందరికీ కొలెస్ట్రాల్ పరీక్ష చేసే ఏర్పాటు నడుస్తోంది. మన దగ్గర అంత ఏర్పాటు లేనప్పుడు ఆ పని ఇంట్లోవాళ్లే చేసుకోవాలి. మామయ్యకి స్టెంట్ వేశారన్న కబురు అందిన వారంలోనే మేనల్లుళ్ల, మేనకోడళ్ల రక్తపరీక్ష అయిపోవాలి.